కుమ్మరిసారెకు క్రొత్త గౌరవము

ఇంగ్లండు దేశమున గడచిన పదేండ్లుగా నొక వింత కానవచ్చుచున్నది. పగలెల్ల కచేరీలలో లెక్కలు వ్రాయువారు, బడులలో పాఠములు చెప్పువారు, ఆసుపత్రులలో రోగులకు పరిచర్య చేయువారు, సాయంకాలమగుసరికి మోచేతుల దాక మట్టి పూసికొని కుమ్మరిసారె ముందు కూరుచుండుచున్నారు. నేర్చుకొనుటకు రుసుము చెల్లించి, తమ వంతు వచ్చుదాక ఓపికతో వేచియుండుచున్నారు. వంకరపోయిన గిన్నె నొకదానిని చేసి, దానిని బల్లపై నుంచుకొని, వచ్చినవారి కెల్ల చూపి సంతసించుచున్నారు. వీరి నీ పనికి పురికొల్పిన వానిలో ముఖ్యమైనది ఇంటి మూలనున్న టెలివిజను పెట్టె. మనుష్యుని సోమరిగా కూరుచుండబెట్టునని పెద్దలెల్ల నిందించు నా యంత్రమే మనుష్యుని లేపి మట్టిలో చేయి పెట్టించినదన్నచో ఆశ్చర్యము కాక మఱేమి?

ఈ వింతను చూచి నవ్వి యూరకుండుట సులభము. ఆకాశమున కెత్తి పొగడుటయు సులభమే. మా యభిప్రాయమును ముందుగనే చెప్పెదము. టెలివిజను ఒక చేతివృత్తికి పోయిన గౌరవమును మరల తేగలదని యీ యుదంతము నిస్సంశయముగ రుజువు చేసినది. అట్లు వచ్చిన గౌరవము దానంతట నదియే ఆ వృత్తివారికి కూడు పెట్టజాలదనియు నంతే నిస్సంశయముగ రుజువు చేసినది. రెండవ సత్యమును మఱచి మొదటిదానితో తృప్తి నొందువారు వృత్తిని కాపాడినవారు కారు. దాని వేడుకను చూచినవారు మాత్రమే.

ఈ కదలికకు కారణమైన ప్రదర్శనము పేరు 'ది గ్రేట్ పాటరీ త్రో డౌన్'. ఇది 2015 నవంబరులో బి. బి. సి. రెండవ ఛానెలున ప్రారంభమైనది. 2010లో రొట్టెలు, కేకులు కాల్చువారి పోటీనొకదానిని తెరకెక్కించి దేశమునెల్ల నాకర్షించిన లవ్ ప్రొడక్షన్స్ సంస్థవారే దీనిని కూడ నిర్మించిరి. రెండు పరంపరలు ముగిసిన పిమ్మట బి. బి. సి. వారు దీనిని విడిచిపెట్టగా, ఛానెల్ 4 వారు చేపట్టి 2020 జనవరి నుండి ప్రసారము చేయసాగిరి. క్రమము మిక్కిలి సరళమైనది. వృత్తి యనక, యభిరుచి చేత కుమ్మరపని నేర్చిన కొందఱు స్త్రీపురుషులను ఒకచోట చేర్చి, వారమున కొక పెద్ద పనిని, దానితోబాటు గడియారము పెట్టి చేయింపవలసిన చిన్న పనులను వారికి నప్పగింతురు. టీ గిన్నెలు, పూలకుండీలు మొదలుకొని మరుగుదొడ్డిలో నమర్చు పింగాణి తొట్టి వఱకు వారిచేత చేయించిరి. వారమున కొకరు సాధారణముగా పోటీనుండి తొలగుదురు. తుదకు నొకరు గెలుతురు.

న్యాయనిర్ణేతలలో కీత్ బ్రైమర్ జోన్స్ అను నతడు చిన్ననాడు కుమ్మరశాలలో శిష్యరికము చేసి పైకి వచ్చినవాడు. మంచి పనిని చూచినప్పుడెల్ల అతనికి కన్నీరు వచ్చును. భారీ విగ్రహము వంటి మనిషి ఒక చిన్న గిన్నెను చేతబట్టుకొని కంట తడిపెట్టుట చూచి ప్రేక్షకులు మొదట నవ్విరి. తరువాత నా కన్నీటి కొఱకే ఎదురుచూడసాగిరి. అతని ప్రక్కన 2021 నుండి న్యాయనిర్ణేతగా కూరుచున్న రిచ్ మిల్లర్ అంతకు ముందు అదే ప్రదర్శనములో ఆవములు పేర్చి, కాల్చి, దించు పని చూచినవాడు. పొయ్యి దగ్గరి పనివాడు తీర్పు చెప్పు పీఠమెక్కుట మాకు చిన్న విషయముగ తోపలేదు. పనిని పనిచేసినవాడే తూచవలెనను న్యాయమా ప్రదర్శనములో నున్నది.

దీనిని చిత్రీకరించిన స్థలము కూడ గమనింపదగినది. లండను స్టూడియోలను విడిచి వీరు స్టాఫర్డ్‌షైరులోని స్టోక్-ఆన్-ట్రెంట్ నగరమునకు పోయిరి. మొదటి పరంపరలకు 1889లో కాలువ యొడ్డున వెలసిన మిడిల్‌పోర్టు కుమ్మరశాలయు, తరువాతి వానికి మ్యూజియముగ నిలుపబడిన గ్లాడ్‌స్టన్ కుమ్మరశాలయు రంగస్థలములైనవి. ఈ నగర చరిత్ర తెలియనిచో ఈ ప్రదర్శనము వెనుకనున్న విషాదము తెలియదు.

టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అను నాఱు పట్టణములు 1910లో నేకమై యీ నగరమైనవి. 1925లో దీనికి నగర హోదా లభించినది. ఈ ప్రాంతమునకు ఇంగ్లీషువారు పెట్టుకొన్న వాడుక పేరే 'పాటరీస్', అనగా కుమ్మరవాడలు. ఇచ్చట నేలలో ఎఱ్ఱమట్టియు, దాని సమీపముననే బొగ్గును దొరకుటచేత ఈ పని పుట్టినది. 1759లో సొంత కుమ్మరశాలను స్థాపించిన జొసయా వెడ్జ్‌వుడ్ పదేండ్ల పిమ్మట, 1769లో, ఎట్రూరియా యను కర్మాగారమును తెఱచి ఈ గ్రామవృత్తిని ప్రపంచ వ్యాపారముగ మార్చెను. గతుకుల బాటపై బండ్ల మీద పోవు పింగాణి పగిలిపోవుచుండగా, ట్రెంట్ నదిని మెర్సీ నదితో కలుపు కాలువ త్రవ్వింపవలెనని పట్టుబట్టినవారిలో నతడు ముఖ్యుడు. 1777లో ఆ కాలువ పూర్తియైనది. కార్న్‌వాల్ నుండి తెల్లసుద్ద ఓడలపై, పడవలపై వచ్చెడిది. గిన్నెలు, పళ్ళెములు అదే దారిని దేశదేశములకు పోయెడివి. మన దేశపు జమీందారుల భోజనశాలలలోను, దొరల బంగళాలలోను పళ్ళెముల అడుగున కానవచ్చిన ఇంగ్లీషు ముద్రలలో ననేకము ఈ ఊరివే.

సీసా యాకారమున ఆకాశమునకు మెడ చాచిన ఇటుక బట్టీలు ఒక కాలమున నీ నగరములో రెండు వేలకు పైగా నుండెడివని చెప్పుదురు. ఇప్పుడు నిలిచియున్నవి ఏబదికి లోపే. 1956లో చేయబడిన వాయుశుద్ధి శాసనముతో బొగ్గు బట్టీల కాలము తీరినది. గ్యాసు, విద్యుత్తు ఆవములు వచ్చినవి. ఆ మార్పును నిందింపరాదు. ఊరి గాలి నల్లబడి పిల్లల రొమ్ములు పాడగుచుండగా పాత బట్టీల యందముకొఱకు విలపించుట ధర్మము కాదు. కాని తరువాత వచ్చిన దెబ్బలు పొగ వలన కలిగినవి కావు. స్పోడు కర్మాగారము 2008లో కుప్పకూలినది. వెడ్జ్‌వుడ్ సంస్థ 2009 జనవరిలో దివాలా యంచునకు వచ్చి అన్యుల చేతులకు మారినది. చవుక దేశముల సరకు, మారిన యింటి యలవాట్లు, విదేశములకు తరలిన యుత్పత్తి, వీనిచేత ఒకప్పుడు పదులవేల కుటుంబములకు అన్నము పెట్టిన వృత్తి వేలకు కుదించుకొనిపోయినది. చదువు నేర్పు శాలలు సైతము సన్నగిల్లినవి. హారోలో పేరుపొందిన కుమ్మరకళా విభాగము వంటిది కూడ 2010 తరువాత మూతపడెను. మట్టిపని మురికిపని, ఆవములకు ఖర్చెక్కువ, విద్యార్థులు తక్కువ, ఇట్టి లెక్కలతో విద్యాలయములు సారెలను అమ్మివేసినవి.

అట్టి సమయమున, అట్టి యూరిలో టెలివిజను దీపము వెలిగినది. సారెకును తెరకును ఇది మొదటి పరిచయము కాదు. టెలివిజను బాల్యదశలో నున్నప్పుడు, ఒక కార్యక్రమమునకు నింకొక కార్యక్రమమునకు నడుమ వచ్చు ఖాళీలను పూరించుటకై బి. బి. సి. వారు 1953లో 'కుమ్మరిసారె' యను పేర నొక చిన్న చిత్రమును తీసిరి. జార్జ్ ఒబెర్టిన్ అను కుమ్మరి చేతులు సారెపై మట్టిముద్దను పైకి లేపుచు, అణచుచు, మరల లేపుచుండును. పాత్ర ఎప్పటికిని పూర్తికాదు. ముఖము లేదు, మాట లేదు, చేతులు మాత్రమే. అయినను దానిని చూచినవారు జీవితాంతము మఱవలేదు. మట్టి తిరుగుచుండగా చూచు కన్ను విశ్రాంతి పొందునన్న సత్యము అప్పుడే తెలిసినది. అయితే అది ఖాళీని పూరించుటకు మాత్రమే. 2015లో ఖాళీ పోయి, కుమ్మరపనియే కార్యక్రమమైనది. అరువది యేండ్లలో సారె తెర యంచునుండి నడుమకు జరిగినది.

ఇది ఇంతగా జనరంజకమగుటకు కారణమేమి? పోటీలోని యుత్కంఠ యని కొందఱందురు. అది యెల్ల పోటీలలోను కలదు. మాకు తోచిన కారణము వేఱు. ఈ ప్రదర్శనము పని యొక్క కష్టమును దాచలేదు. నేటి వ్యాపార ప్రపంచము వస్తువును చూపి, చేసినవానిని దాచును. దుకాణములోని గిన్నె ఎక్కడనుండి వచ్చినదో, ఎన్ని చేతులు మారినదో కొనువానికి తెలియదు. తెలిసికొనవలెనను కోరికయు నుండదు. ఈ తెర మీద నది తలక్రిందులైనది. మట్టిని పిసికి గాలిబుడగలు తీయుట, ముద్దను సారె నడుమ నిలుపుట, గోడ లేపుట, తడి ఆఱునప్పుడు పగుళ్ళు రాకుండ కాచుట, పిడి యతుకుట, ఒకసారి కాల్చుట, గాజుపూత పూయుట, మరల కాల్చుట, ఇట్లు గిన్నె పుట్టుక యంతయు ప్రజల కన్నుల యెదుట జరిగినది. ముద్దను నడుమకు తెచ్చుట యను నొక్క పనికే క్రొత్తవానికి వారములు పట్టునని తెలిసినప్పుడు, వాకిటిలో కుండల బుట్ట దించిన మనిషితో అణాకానీల బేరము చేసిన వారికి సిగ్గు కలుగక తప్పదు.

అన్నిటికంటె ముఖ్యముగ, ఓటమిని వారు దాచలేదు. మూడు దినములు కష్టపడి చేసిన వస్తువు ఆవములో పగిలిపోవును. పూత తాననుకొన్న రంగుకు రాక వేఱు రంగుకు తిరుగును. వేయి డిగ్రీలకు పైబడిన వేడిలో మనుష్యుని యహంకారము నిలువదు. ఆవము తలుపు తెఱచు వేళ పోటీదారుల ముఖములను చూచినవారు, ఏ దేశపు కుమ్మరి ముఖమునైనను గుర్తింపగలరు. తన చేతిలోనిది తాను చేసి, మిగిలినది అగ్నికి వదలుట ఈ వృత్తి ధర్మము. మీట నొక్కిన తక్షణము ఫలము కోరు నేటి తరమునకు ఈ ధర్మము ఔషధమువలె పనిచేసినది. పగలంతయు తెరల ముందు కూరుచుండి, సాయంకాలమునకు చేతికి తగులు వస్తువేదియు మిగులని యుద్యోగములు చేయువారే సారె వద్దకు పరుగెత్తుట యాదృచ్ఛికము కాదు.

2020లో మహమ్మారి దేశములను ఇండ్లలో బంధించినప్పుడు ఈ యభిరుచి మఱింత బలపడినది. వంటయింటి బల్లలపై కాల్చనక్కఱలేని మట్టితో బొమ్మలు చేసిన కుటుంబములు ద్వారములు తెఱచిన వెంటనే నేర్పు శాలలకు పోయినవి. పట్టణములలో పదిమంది కూడి ఆవమును, సారెలను పంచుకొను సాముదాయిక శాలలు వెలసినవి. 2024లో కెనడా దేశము తన సొంత 'త్రో డౌన్' ప్రదర్శనమును ప్రారంభించినది. అన్నిటికంటె మంచి వార్త, 2017లో స్టోక్ నగరమున, మిడిల్‌పోర్టు కుమ్మరశాల యావరణలోనే, రెండేండ్ల పాటు చేతిపనిని మాత్రమే నేర్పు క్లే కాలేజి తెఱవబడుట. విశ్వవిద్యాలయములు విడిచిపెట్టినదానిని కుమ్మరులే తమ ధర్మసంస్థ ద్వారా నిలువబెట్టిరి. దీని పునాది టెలివిజను వేసినదని మేము చెప్పము. కాని దేశములో నప్పటికే వీచుచున్న గాలి దానికి తోడ్పడియుండును.

ఇంతవఱకు శుభము. ఇక రెండవ పుటను తిప్పుదము. ప్రదర్శనము జయప్రదముగ సాగుచున్న ఈ పదేండ్లలోనే ఆ నగరములో జరిగినదేమి? 1800 నుండి ఒకే కుటుంబపు పేరున నడచిన డడ్సన్ కర్మాగారము 2019లో మూతపడి వందలకొలది పనివారు వీధిలో నిలిచిరి. 2025 ఫిబ్రవరిలో బర్స్‌లెమ్‌లోని రాయల్ స్టాఫర్డ్ మూతపడినది. అదే సంవత్సరపు వసంతమున, 1913లో స్థాపితమై గొట్టముతో మట్టిగీతలు గీసి రంగులు నింపు పనితనమునకు లోకప్రసిద్ధి చెందిన మూర్‌క్రాఫ్ట్ మూతపడి ఏబదిమందికి పైగా పనివారు నిరాధారులైరి. స్థాపకుని మనుమడు దానిని కొని కొలది నెలలలోనే మరల తెఱచుట అదృష్టము. కాని యదృష్టమును వృత్తికి పునాదిగ నెంచరాదు. కారణములు దాపరికము లేనివే. 2022 తరువాత గ్యాసు ధర మండిపోయినది. ఆవము అర్ధరాత్రి ఆర్పి ఉదయము వెలిగించునది కాదు. మట్టి సగము కాలి ఆగదు. ఇంధనపు ధర పెరిగినచో తగ్గించుకొనుటకు కుమ్మరికి చోటు లేదు. దానికి తోడు చవుక సరకు పోటీ యెన్నడును తగ్గలేదు.

చూడుడు: ఒకే యూరిలో ఒక శాలలో దీపములు వెలిగించి కెమెరాలు త్రిప్పుచుండగా, కొలది మైళ్ళ దూరమున నింకొక శాలలో దీపములార్పి తలుపులకు తాళములు వేయుచున్నారు. మొదటి శాలలో నభిరుచి గలవాడు చేసిన కుండకు దేశము చప్పట్లు కొట్టును. రెండవ శాలలో ముప్పది యేండ్లు పిడులతికిన యామె తన తువ్వాలును మడిచి సంచిలో పెట్టుకొని యింటికి పోవును. ఆమె చేతిలోని విద్య తరువాత నెవరికి పోవును? ఆ ప్రశ్నకు తెర బదులు చెప్పదు.

'ఇది టెలివిజను తప్పా? వినోదమునకు వ్యాపారము భారమేల?' అని ఆక్షేపింపవచ్చును. తప్పని మేము చెప్పుట లేదు. తన చేతనైనది తాను చేసినది. నిజమునకు ప్రభుత్వములు, పాఠశాలలు చేయనిదానిని చేసినది. అయితే అభిరుచి వేఱు, జీవనము వేఱు. సెలవు దినమున సారె త్రిప్పువాడు తన గిన్నెను అమ్ముకొని బ్రతుకనక్కఱలేదు. కావున నతని గిన్నె వంకరైనను ముద్దే. దినమునకు వందలకొలది గిన్నెలు ఒకే కొలతకు, ఒకే బరువుకు తీయగల చేయి వేఱు. అట్టి చేయి పదేండ్ల నిత్యసాధనమున గాని రాదు. నిత్యసాధన జీతము లేనిదే సాగదు. అభిరుచి గలవారు పదిలక్షలమంది పుట్టినను, జీతము గల పనివాడొక్కడు మాయమైనచో ఆ మేరకు విద్య తఱుగును. ఇంగ్లండు దేశమునకు వచ్చిన యపాయమిదియే. ప్రేమికులు పెరుగుచున్నారు, గురువులు తఱుగుచున్నారు.

దీనికి పూర్వమే జరిగిన యొక సంగతిని ఇచ్చట స్మరింపవలెను. వెడ్జ్‌వుడ్ మ్యూజియములోని పాత్రలు, పుస్తకములు, నమూనాలు సంస్థ పింఛనుల బాకీ క్రింద అమ్ముడుపోవు స్థితి రాగా, 2014లో 1 కోటి 57 లక్షల 50 వేల పౌనులు కావలసియుండెను. కడపటి భాగము కొఱకు ప్రజలను యాచింపగా నొక నెలలోనే అది సమకూడినది. పేదలు సైతము చందాలిచ్చిరి. ఇది ఆ ప్రజల కీర్తికి తగిన పని. కాని దీనినుండి తేలునది కూడ చేదుగా నున్నది. గతించిన కుమ్మరి చేసిన కుండను నిలుపుకొనుటకు ధనము దొరకినది. బ్రతికియున్న కుమ్మరి ఆవమును నిలుపుకొనుటకు దొరకలేదు. మ్యూజియములోని కుండకు ఆకలి లేదు, గ్యాసు బిల్లు లేదు. అందుచేతనే దానిని ప్రేమించుట సులభము.

ఇంకొక హెచ్చరికయు నవసరము. చేతిపని యనగానే కన్నులు మూసికొని పూర్వకాలమును స్వర్గముగ వర్ణించు నలవాటు వలదు. ఆ స్టోక్ నగరమందే మట్టి ధూళిని పీల్చి ఊపిరితిత్తులు రాయిగ మారి చనిపోయినవారెందఱో గలరు. ఆ జబ్బునకు 'కుమ్మరి క్షయ' వంటి పేరే వాడుకలో నుండెను. గాజుపూతలోని సీసము స్త్రీలను, పిల్లలను పీడించినది. వృత్తికి గౌరవమీయుట యనగా పాత బాధలను మరల తెచ్చుట కాదు. గాలి యాడు శాల, విషము లేని పూత, న్యాయమైన కూలి, నేర్చుకొను పిల్లవానికి భృతి, ఇవి యున్నప్పుడే ఆ గౌరవము నిజమగును. తెర మీద కానవచ్చు శుభ్రమైన తువ్వాలు వెనుక నీ చరిత్ర గలదని ప్రేక్షకులు మఱవరాదు.

మఱి చేయవలసినదేమి? మూడు విషయములు మాకు స్పష్టముగ తోచుచున్నవి. మొదటిది కొనుగోలు. ప్రదర్శనమును చూచి మెచ్చినవారు సంవత్సరమునకు నాలుగు గిన్నెలు తమ దేశపు పనివారివి కొన్నచో, చప్పట్లకంటె అది విలువైనది. రెండవది శిక్షణము. సాయంకాలపు అభిరుచి తరగతులనుండి వచ్చు రుసుములో కొంత, ప్రభుత్వ ధనములో కొంత వెచ్చించి, పెద్ద పనివారి ప్రక్కన పిల్లలను జీతమిచ్చి కూరుచుండబెట్టవలెను. కుమ్మరపని పుస్తకమున రాదు, తెర మీదను రాదు. చేతినుండి చేతికి వచ్చును. మూడవది ప్రభుత్వ ధర్మము. ఉక్కు, సిమెంటు వంటి పెద్ద పరిశ్రమలకు ఇంధనపు ధరలలో చూపు దయను, అగ్నియే ప్రాణముగా గల యీ చిన్న పరిశ్రమకును చూపవలెను. ఈ మూడింటిని సాధించుటకు ప్రజాభిమానము మూలధనము. టెలివిజను ఆ మూలధనమును కూడబెట్టియిచ్చినది. దానిని వడ్డీకి త్రిప్పక పాతిపెట్టినచో, మఱి పదేండ్లకు ప్రదర్శనము మిగులును, చూపుటకు పనివాడు మిగులడు.

ఇంగ్లీషువారికి ఇంత చెప్పిన మేము మన యింటివైపు చూడకుండుట న్యాయము కాదు. మన గ్రామములలో పండ్రెండుగురు ఆయగాండ్రలో కుమ్మరి యొకడు. కోతలనాడు కళ్ళములో నతనికి మేర కొలిచిన పిమ్మటనే ధాన్యము గాదెకు చేరెడిది. పెండ్లియింట ఐరేని కుండలు రానిదే శుభకార్యము నడువదు. తిరుమలలో స్వామికి క్రొత్త మట్టికుండలో నైవేద్యము పోవుట కురువనంబి యను కుమ్మరి భక్తుని పేరుతో మన పెద్దలు చెప్పుకొన్న గౌరవము. రామాయణమును తెనుగున పాడిన మొల్లను కుమ్మరి మొల్లయనియే జాతి పిలుచుకొనుచున్నది. ఇంతటి గౌరవము మనకు టెలివిజను తెచ్చిపెట్టనక్కఱలేదు. కథలలో, కర్మకాండలో నది నిండియే యున్నది. అయినను మేర ఆగిపోయినది. ఇత్తడి తరువాత అల్యూమినియము, దాని వెంట స్టీలు, ప్లాస్టిక్కు వచ్చి కుండను వంటయింటినుండి వెడలగొట్టినవి. అనగా ఇంగ్లండు నేడు నేర్చుకొనుచున్న పాఠమును మనమెప్పుడో నేర్చుకొనవలసియుండెను: గౌరవమున్నను కొనువాడు లేనిచో వృత్తి నిలువదు.

ఆజ్ఞలతో మాత్రము నిలుచునా? 2004లో రైలు స్టేషనులలో టీని మట్టిముంతలలోనే పోయవలెనని కేంద్ర రైల్వేశాఖ తలపెట్టినది. కొంతకాలమునకే కాగితపు, ప్లాస్టిక్కు గ్లాసులు మరల వచ్చినవి. 2023లో ప్రారంభించిన విశ్వకర్మ పథకములో 18 చేతివృత్తుల సరసన కుమ్మరపనిని చేర్చి, పనిముట్లకు సాయమును, తక్కువ వడ్డీ ఋణమును ఇచ్చుచున్నారు. మంచిదే. కాని విద్యుత్తుతో తిరుగు సారె నిచ్చినంత మాత్రమున దానిపై చేసిన కుండను కొనువాడు పుట్టడు. ఆ కొనువాడు మనమే కావలెను.

మా పాఠకులలో భూస్వాములు గలరు, పట్టణవాసులు గలరు. భూవసతి గలవారికి మా విన్నపమిది: ఊరి చెరువు మట్టి కుమ్మరి ముడిసరకు. చెరువు గర్భమును దున్నుకొని, పూడ్చుకొని ఆ మట్టిని ఆతనికి దూరము చేయవలదు. కళ్ళములో పూర్వులు కొలిచిన మేరను నేడు వేఱు రూపమున నైనను చెల్లింపుడు. పట్టణవాసులకు మా విన్నపమిది: వేసవిలో చలివేంద్రము పెట్టునప్పుడు, ఇంటికి కూజాయో రంజనో తెచ్చుకొనునప్పుడు, దీపావళికి ప్రమిదలు, చవితికి వినాయకుని మట్టిబొమ్మ కొనునప్పుడు, అచ్చు పోసిన రంగుల సరకును ప్రక్కనుంచి సారెపై పుట్టినదానిని ఎన్నుకొనుడు, వాకిట నిలిచినవానితో పది రూపాయలకు బేరమాడి, దుకాణములో వందలకు నోరు మూసికొను నలవాటును మానుడు. మన భాషలలోను వేలకొలది గంటలు టెలివిజను ప్రసారములు నడుచుచున్నవి. పాట, నాట్యము, వంట వానిలో నున్నవి. సారె ముందు కూరుచున్న మన కుమ్మరిని గంటసేపు నిజాయితీగ చూపు ప్రసారమునకు కూడ చోటుండవలెను. ఆ గంటకు గిరాకీ యుండునని స్టోక్ నగరము నిరూపించినది.

కుండ ఆవములో పెట్టినప్పుడు పనియంతయు మనుష్యుని చేతిలో నుండదు; కాని ఆవము చల్లారకుండ కట్టె వేయుట మనుష్యుని చేతిలోనే యున్నది. టెలివిజను నిప్పు రాజవేసినది. కట్టె వేయవలసినవారు కొనువారు, నేర్పువారు, పాలించువారు. అది జరిగినచో సీసా బట్టీల యూరిలోను, మన చెరువు గట్టునను సారె తిరుగుచుండును.